తారీఖు లేని ఓబులేసు

మిషన్ కొన్న పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి కూర్చుంటున్నారు. కంప్యూటర్‌లో పేరు కొడితే చాలు, బండ మీద అక్షరం అదే పడుతుంది. పడనీ. మిషన్ మీద నాకు కోపం లేదు. నా కోపమంతా వాళ్లు అడిగే ప్రశ్న మీద. "తాతా, అక్షరం ఎంత లోతు ఉండాల?" అంటారు. బియ్యపు గింజ మునిగేంత ఉండాలి. అది ఒక్క రోజులో వచ్చే విద్య. అడగాల్సింది అది కాదు. "ఈ పేరు ఎవరిది?" అని అడగాలి. ఆ ఒక్క మాట అడగక నేను ఒక మనిషిని ఏళ్ల తరబడి ఇటూ కాకుండా అటూ కాకుండా నిలబెట్టాను. అది చెప్పడానికే ఈ రాత.

నేను బడికి పోయింది రెండేళ్లు. అక్షరాలు నాకు బొటనవేలితో వచ్చాయి. మా ఉస్తాద్ ఖాజా సాబ్ అంగడి వెనక పగిలిన బండలు పారేసే చోటు ఒకటి ఉండేది. అక్కడ కూర్చుని చెక్కిన గాడుల్లో వేలు పెట్టి దిద్దుకున్నాను. నా రాత పండితులకు నచ్చకపోవచ్చు. వాళ్లలో చాలామంది పేర్లు సమాధుల మీద నేనే చెక్కాను, ఒక్కరూ తప్పు పట్టలేదు.

పిలవడం

మా అంగడి కడప, కర్నూలు జిల్లాలు కలిసే రోడ్డు పక్కన ఉండేది. నల్ల బండ లారీల్లో వచ్చేది. ఊరి పేర్ల పలకలు, గుడి మెట్లు, దాతల పేర్లు, నాయకుల శంకుస్థాపన రాళ్లు చెక్కేవాళ్లం. నాయకుల రాళ్ల గురించి ఒక్క మాట: దేవుడి పేరు కన్నా కమిటీ వాళ్ల పేర్లు పెద్దగా ఉండాలని నాతో వాదించినవాళ్లు ఎందరో. వాళ్ల గురించి రాస్తే కాగితం దండగ. మాకు ఎక్కువగా వచ్చే పని సమాధి బండలే.

ఖాజా సాబ్ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పని నేర్పేటప్పుడు ఉలి పట్టుకున్న నా చేతిని తన చేత్తో కప్పేవాడు, అంతే. ఒక్క నియమం మాత్రం నోటితో చెప్పాడు. పోయిన మనిషి పేరులో రంగు నింపే ముందు, తారీఖు చెక్కే ముందు, ఆ పేరు పెట్టి గట్టిగా ఒకసారి పిలవాలి. ఎవరైనా పలికితే ఉలి కింద పెట్టాలి. పోయి చూసి రావాలి.

"ఏంటికి సాబ్?" అని అడిగాను.

"పలికినోడు బతికినోడైతే నీ పని తప్పు."

"బతికినోడు కాకపోతే?"

ఆయన సుత్తి దెబ్బ ఆపలేదు. "అది అప్పుడు చూసుకుందువులే బేటా" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అంతకు మించి చెప్పలేదు.

బతికుండగానే బండ చేయించుకోవడం మా వైపు కొత్త కాదు. భార్య ముందు పోతే ఒకే బండ మీద ఇద్దరి పేర్లూ చెక్కిస్తారు. పోయినామె పేరులో తెల్ల రంగు నింపుతాం, తారీఖు పెడతాం. ఉన్నాయన పేరు ఉత్త గాడిగా వదిలేస్తాం. దూరం నుంచి చూస్తే ఆ పేరు కనపడదు. దగ్గరికి పోయి వేలు పెడితేనే తెలుస్తుంది. ఆయన పోయినప్పుడు మళ్లీ పోయి రంగు నింపి తారీఖు చెక్కి వస్తాం.

ఒక పేరు, ఎందరో మనుషులు

ఓబులేసు అనే పేరు మా చేతుల్లో అరిగిపోయింది. అహోబిలం స్వామిని కొలిచే ఇళ్లలో ఇంటికొక ఓబులేసు ఉంటాడు. తాత పేరు మనవడికి వస్తుంది. మా అంగడికి పది మైళ్లలో ఒక వంకకు, అంటే చిన్న వాగుకు, అటొకటి, ఇటొకటి రెండు ఊళ్లున్నాయి. రెండూ ఓబులేసుపల్లెలే. మేము ఎగువూరు, దిగువూరు అని పిలుచుకునేవాళ్లం. పూర్వం పన్ను కట్టనని కొండెక్కి ప్రాణం వదిలిన ఓబులేసు అనే వీరుడు మావాడంటే మావాడని రెండు ఊళ్లకూ తగువు. రెండు ఊళ్లూ విగ్రహాలకు పూనుకుని, రెండు దిమ్మెలూ నాతోనే చెక్కించాయి. ఎగువూరివాళ్లు ఒక తండ్రి పేరు చెప్పారు, దిగువూరివాళ్లు ఇంకొకటి. ఎవరు చెప్పింది వాళ్లకు చెక్కి ఇచ్చాను.

దిగువూరిలో విగ్రహం రావడం ఆలస్యమైంది. ఉత్త దిమ్మె, దాని మీద పేరు, పైన ఏమీ లేదు. వారం తర్వాత నేను అటు పోతే ఆ పేరుకు కుంకుమ బొట్లు, ముందర కర్పూరం మసి. ఒక ముసలామె దిమ్మె పైన ఉన్న ఖాళీ వైపు తలెత్తి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు గొణుగుతూ ఉంది. "బొమ్మ ఇంగా రాలేదు గదమ్మా" అన్నాను. "పేరు వచ్చినాది గదప్పా" అంది. నవ్వుకుంటూ వచ్చేశాను. అప్పుడు నాకు వయసు తక్కువ.

నా తప్పు

దిగువూరిలో ఓబులేసు అనే రైతు ఉండేవాడు. వేరుశెనగ, కొర్ర వేసేవాడు. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. పొడుగు మనిషి. పిలిస్తే వెంటనే పలకడు. నలుగురు ఆగిపోయి చూసేంత సేపు ఊరుకుని, తర్వాత కింద నుంచి పైకి లేచే గొంతుతో "ఆఁ..." అంటాడు. ఆయన భార్య లక్షుమ్మ పోయింది. తన చేనిలోనే ఆమెకు సమాధి కట్టించి, ఇద్దరి పేర్లతో బండ చెక్కమన్నాడు. చెక్కాను. "బు" అక్షరం కొమ్ము దగ్గర ఉలి జారి చిన్న పెచ్చు లేచింది. ఆయన దాన్ని చూసి, "ఉండనీలే, నాకు గుర్తు" అన్నాడు.

ఆ వారమే ఎగువూరిలో ఇంకొక ఓబులేసు నిజంగానే పోయాడు. ఆయన బండ కూడా మా దగ్గరే, గోడకు ఆనించి ఉంది. ఖాజా సాబ్ నంద్యాలకు పనికి పోయాడు. పొద్దున్నే ఒకాయన లారీతో వచ్చి నిలబడ్డాడు.

"ఓబులేసు బండకు రంగేసి ఇయ్యప్పా. దినాలు దగ్గరకొచ్చినాయి."

నేను ఏ ఊరని అడగలేదు. తండ్రి పేరు అడగలేదు. బయట లారీవాళ్లు నలుగురు టీ తాగుతూ ఉన్నారు. వాళ్ల ముందర ఉత్త బండ వైపు తిరిగి "ఓబులేసూ" అని అరిస్తే నవ్వుతారని సిగ్గుపడ్డాను. అదీ నా తప్పు. తెలియక చేసింది కాదు, సిగ్గుతో చేసింది. చేతికి దగ్గరగా ఉన్న బండ దిగువూరిది. లక్షుమ్మ పేరు పక్కన ఉన్న ఆ ఖాళీ గాడుల్లో తెల్ల రంగు నింపాను. చేయి తిరిగినవాణ్ని గదా, శానా శుభ్రంగా నింపాను. తారీఖు అడిగే లోపే ఆ లారీ మనిషికి ఏదో గుర్తొచ్చి రేపు వస్తానని వెళ్లిపోయాడు. సాయంత్రం దిగువూరి బండి వచ్చింది. బండకు గడ్డి చుట్టి ఎక్కించి పంపాను. చూసుకోలేదు.

చేనిలో బండ నిలబెట్టి, చుట్టాలందరి ముందర గడ్డి విప్పారంట. లక్షుమ్మ పేరు పక్కనే, ఆమె పేరు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా, ఓబులేసు. ఆయన కొబ్బరికాయ చేతిలో పట్టుకుని దాని ముందరే నిలబడి ఉన్నాడు.

మరుసటి రోజు అంగడికి వచ్చాడు.

"నువ్వేనా రంగేసింది?"

"నేనేనన్నా."

"బాగుండాది. శానా దూరానికి కనపడతాండాది." అరుగు మీద కూర్చున్నాడు. "మా లక్షుమ్మ ఒక్కతే పోయిందనుకుంటి. నన్నూ పిల్చుకోని పోయినట్లుండాది."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఖాజా సాబ్ నంద్యాల నుంచి తిరిగి వచ్చి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "పిలిచినావా?" అన్నాడు. లేదన్నాను. ఆ రోజు ఆయన నాతో అన్నం తినలేదు. ఇన్నేళ్లలో ఎందరో నన్ను తిట్టారు. ఏదీ గుర్తు లేదు. ఆ అన్నం గుర్తుంది.

రాతిలో నిలబడ్డ మనిషి

రంగు తీయడానికి కిరసనాయిలు పోసి గీకాను. గీకిన కొద్దీ లోపలి కొత్త రాయి తేలి పేరు ఇంకా తెల్లబడింది. నల్లరంగు పూశాను. ఒక ఎండాకాలానికే పొట్టులేచి తెలుపు బయటపడింది. బండ మొహమంతా సాన పట్టి తిరిగి చెక్కుదామన్నాడు ఖాజా సాబ్. దానికి ఓబులేసు ఒప్పుకోలేదు.

"అట్ల చేస్తే మా లక్షుమ్మ పేరు గూడా పోతాది. ఆయమ్మను ఇంగోతూరి చంపను."

వేరే బండ మేమే చేసి ఇస్తామన్నాం. ఆమె పేరున్న బండను ఏ మూలకు వేస్తారని అడిగాడు.

మొదట ఊరంతా దాన్ని వేళాకోళంగానే తీసుకుంది. తర్వాత ఒక్కొక్కటీ జరిగింది. ఓటర్ల జాబితా రాసుకునే ఆయన చేని గట్టు మీదుగా పోతూ బండ చదివి పేరు కొట్టేశాడు. దూరపు చుట్టం ఒకడు ఆ వార్త విని పరామర్శకు వచ్చాడు. తలుపు తీసింది ఓబులేసే. చుట్టం అరుగు మీద కూర్చున్నాడు. ఓబులేసు చెంబుతో నీళ్లు ఇస్తే అందుకోవడానికి చేయి చాపలేదు. చెంబు చాలాసేపు ఇద్దరి మధ్యా అట్లే ఉందని, చివరికి తానే తాగేశానని ఓబులేసు నాతో చెప్పాడు. పొద్దున్నే ఆయన ఎదురైతే వాళ్లూ వీళ్లూ పక్క సందులోకి తిరిగేవాళ్లు.

ఒక రోజు నన్ను చేనికి తీసుకుపోయాడు. బండ మీద తన పేరు కింద ఉన్న ఖాళీ చోటు మీద అరచేయి పెట్టాడు.

"ఈడ తారీఖు లేదు, చూసినావా?"

"చూసినానన్నా."

"లక్షుమ్మకుండాది. నాకు లేదు. పేరు జూస్తే పోయినోన్ని. తారీఖు జూస్తే ఉండేవోన్ని. మధ్యలో నిలబెట్టినావప్పా నన్ను." గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది. "నేను పోయిన దినం నువ్వే వచ్చి ఈడ తారీఖు చెక్కాల. నువ్వే, ఇంగెవురూ గాదు. అది పడేదాకా నేను పోలేను. మాటిస్తావా?"

ఇచ్చాను.

అప్పటినుంచి ఏడాదికొకసారి, కొర్ర కోతలయ్యాక, ఆయన అంగడికి వచ్చేవాడు. రోడ్డు మీద నుంచే, "ఉండావా?" అనేవాడు. "ఉండానన్నా" అంటే, "నాకంటే ముందు పోవద్దు" అని టీ తాగి వెళ్లిపోయేవాడు. ఖాజా సాబ్ పోయాడు. ఆయన బండ నేనే చెక్కాను, పిలిచాకే చెక్కాను. ఆ తర్వాత అంగడి నాదైంది. ఓబులేసు ముసలివాడయ్యాడు, నేనూ అయ్యాను. ఆ ప్రశ్న మాత్రం ఆగలేదు.

చొక్కాల మీద నా అక్షరం

కళ్లకు ఆపరేషన్ అయి అంగడి మూసేశాను. రెండేళ్లు నా కూతురి ఇంట్లో, ఆదోనిలో ఉన్నాను. ఓబులేసు ఎక్కడ వెతికాడో, ఏమనుకున్నాడో తెలియదు. ఆ రెండేళ్లలో ఒక్కసారైనా దిగువూరికి కబురు పెట్టలేదు. ఇది కూడా నా ఖాతాలోనే వేసుకుంటున్నాను.

ఒకరోజు పని మీద కడప బస్టాండులో దిగాను. ఎండ మండిపోతూ ఉంది. ఎదురుగా ఒక పిల్లోడు నల్ల చొక్కాతో నిలబడి ఉన్నాడు. చొక్కా మీద తెల్లగా, ఓబులేసు. "బు" కొమ్ము దగ్గర పెచ్చు లేచి ఉంది.

నా చేతి రాత నాకు తెలియదా? దగ్గరికి పోయి ఆ పెచ్చు మీద వేలు పెట్టాను. పిల్లోడు ఉలిక్కిపడ్డాడు.

"ఏం తాతా?"

"ఈ పేరు యాడిదప్పా?"

"బ్యాండు తాతా. గిటార్లు వాయిస్తారు. ఓబులేసు అంటే ఇప్పుడు శానా ఫేమస్."

అవతల బెంచీ మీద ఇంకొకడు కూడా అదే చొక్కాలో ఉన్నాడు. బస్సు దిగుతున్న గుంపులో మరో ఇద్దరు. నలుగురి గుండెల మీద ఒకే పెచ్చు.

పిల్లోడు ఫోన్ తీసి చూపించాడు. బెంగుళూరులో ఏదో స్టేజీ. నలుగురు కుర్రవాళ్లు జుట్లు విరబోసుకుని వాయిస్తున్నారు. వాళ్ల వెనక గోడంత ఎత్తున సమాధి బండ ఫోటో. లక్షుమ్మ పేరు ఉన్న సగం కత్తిరించేశారు. ఓబులేసు పేరు, దాని కింద ఖాళీ. పాడేవాడు ఆ పేరు అరుస్తాడు, ముందున్న వేలమంది తిరిగి అరుస్తారు. పాడేవాడు దిగువూరి ఓబులేసు మనవడంట. తాత పేరే వాడిది కూడా.

ఆ పిల్లోడి ద్వారానే వాళ్లకూ వీళ్లకూ చెప్పించి, రెండు రోజులకు ఆ మనవడితో ఫోన్లో మాట్లాడాను. నేనెవరో చెప్పాను.

"మీ తాత ఎట్లుండాడప్పా?"

"తాత పోయి ఏడాది దాటింది."

"తారీఖు ఎవరు చెక్కినారు?"

"ఎవురూ చెక్కలేదు. మా నాయన మిషన్‌వాళ్లను పిలుస్తానన్నాడు, నేనే వద్దన్నా. డేట్ లేకపోవడమే ఆ రాయికి అందం తాతా. మా పాటంతా దాని మీదనే. జనం వచ్చి దాని పక్కన ఫోటోలు దిగుతాండారు."

నాకు ఒళ్లు మండింది. "నీ అందం కోసం మీ తాతను ఎండలో నిలబెట్టినావా? కూర్చునేదానికి లేదు, పోయేదానికి లేదు. ఏడాది నుంచి నిలబడుకోనుండాడు ఆ మనిషి. ఆయన ఏమడిగినాడో నీకు ఎవురూ చెప్పలేదా?"

ఆ కుర్రవాడి గొంతు మారింది.

"తాతా, ఒకటి అడుగుతా, నవ్వొద్దు. స్టేజీ మీద నేను పేరు అరుస్తా. జనం అరుస్తారు, ఆపేస్తారు. అందరూ ఆపేసినాక, ఒక్కోతూరి, ఒక గొంతు పలుకుతాది. ఆలస్యంగా. మైక్ చూసుకునేటోడు అది ఎకో అంటాడు."

"ఎట్ల పలుకుతాది?"

దానికి వాడు తాత పోయిన తారీఖు చెప్పాడు. రాసుకున్నాను.

మిట్టమధ్యాహ్నం

పాత ఉలి సానపట్టించి, మరుసటి వారం దిగువూరి బస్సెక్కాను. చేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నీడలన్నీ కాళ్ల కిందికి పోయిన వేళ. గాలి లేదు. కోతలైపోయిన చేనిలో ఆ బండ ఒక్కటే నిలబడి ఉంది. ఫోటోలకు వచ్చినవాళ్ల కాళ్లకు చుట్టూ గడ్డి అరిగిపోయింది. పేరు నేను నింపిన రోజు కన్నా తెల్లగా ఉంది.

గుడ్డతో తుడిచాను. ఖాళీ చోట సుద్దతో తారీఖు గీసుకున్నాను. ఉలి ఆనించాక నియమం గుర్తొచ్చింది. ఈసారి సిగ్గు లేదు. లేచి నిలబడి గట్టిగా పిలిచాను.

"ఓబులేసూ..."

"ఓయ్" అని వెంటనే పలికింది, వంక వైపు నుంచి.

ఉలి కింద పెట్టాను. గట్టు దిగి పోయి చూశాను. నడివయసు గొర్రెల కాపరి ఒకడు వంకలో గొర్రెలకు నీళ్లు పెడుతూ ఉన్నాడు.

"నువ్వేనా పిలిచింది? ఏమప్పా పని?"

"నీ పేరేంది?"

"ఓబులేసు. పిలిచి పేరడుగుతావేంది?"

సంగతి చెప్పాను. అతను నవ్వాడు. "ఈ ఊళ్లో ఆ పేరు పిలిస్తే పది మంది పలుకుతారు. నీ రూలు ఈడ నడవదప్పా. సరే పా, నీ పక్కన కూర్చుంటా. ఇంగోతూరి పిలువు. నేను పలకను."

వచ్చి బండ పక్కన గొంతుక్కూర్చుని, నోట్లో పొగాకు వేసుకుని మూసుకున్నాడు. నేను మళ్లీ పిలిచాను.

"ఓబులేసూ..."

ఏమీ లేదు. గొర్రెల గంటలు కూడా ఆగాయి. ఇక ఉలి తీసుకుందామని వంగాను. అప్పుడు, నలుగురు ఆగిపోయి చూసేంత సేపటి తర్వాత, కింద నుంచి పైకి లేచే గొంతు ఒకటి.

"ఆఁ..."

ఎటు నుంచి వచ్చిందో చెప్పలేను. కాపరి నమలడం ఆపాడు. చుట్టూ కనుచూపు మేర కోసిన చేను. ఒక చెట్టు లేదు, ఒక మనిషి లేడు. అతను నా మొహం చూశాడు, నేను అతని మొహం చూశాను. ఇద్దరం వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎవురో లేప్పా," అన్నాడు కాపరి, చాలా నెమ్మదిగా. "పక్క చేన్లో ఎవురో ఉంటారు."

ఎవరైనా పలికితే ఉలి కింద పెట్టాలి. పలికింది బతికినవాడు కాకపోతే ఏం చేయాలో ఖాజా సాబ్ చెప్పలేదు. ఆయనకూ తెలియదేమో. అప్పుడు నేనే చూసుకున్నాను. బండ వైపు తిరిగి, "వచ్చినానన్నా, ఆలస్యమైంది" అన్నాను. ఉలి పెట్టి మొదటి దెబ్బ వేశాను.

తారీఖు పడేసరికి నా నీడ బండ మీదకు వచ్చింది. కాపరి రాతి పొడిని ఊదుతూ కూర్చున్నాడు. చివరి అంకెలో తెల్ల రంగు నింపి, అంచు తుడిచి, మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచాను.

మూడోసారి పిలిచాను.

వంక అవతల గొర్రెలు తలెత్తి చూశాయి. ఆ పేరు తనదే అయినా కాపరి పలకలేదు. చాలాసేపు ఆగాను, ఆయన మామూలుగా తీసుకునే సమయం కన్నా ఇంకా ఎక్కువ సేపు.

ఎవరూ పలకలేదు.